ఏ కథకు ఏ పాచిక: టేబుల్‌టాప్ ఆర్పీజీ రాసేవాళ్లకు ఎంపిక సలహా

సొంతంగా టేబుల్‌టాప్ ఆర్పీజీ, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్రగా కథ నడిపే ఆట, రాయడానికి కూర్చునేవాళ్లు చాలామంది ముందు లోకాన్ని కడతారు. మ్యాపు, రాజ్యాలు, దేవుళ్లు, మూడు వందల ఏళ్ల చరిత్ర అన్నీ సిద్ధమవుతాయి. నియమాల దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోతుంది. అప్పటిదాకా తాము ఆడుతున్న ఆటలోంచి డి20ని, అంటే ఇరవై ముఖాల పాచికను, ఎత్తుకొచ్చి అతికించేస్తారు. తేడా ఆడేటప్పుడు గానీ బయటపడదు. భయపెట్టాల్సిన కథలో అందరూ కత్తులు దూసి మీదపడతారు, డిటెక్టివ్ కథ మొదటి గదిలోనే ఆగిపోతుంది.

అందుకే పాచిక సంగతి ఎత్తకముందే ఒకటి తేల్చుకోవాలి: మీ కథలో ఓడిపోవడం అంటే ఏమిటి? వేటు గురి తప్పడమా, పని అయినా మూల్యం చెల్లించుకోవడమా, మనసు కొంచెం కొంచెంగా చెదిరిపోవడమా? గెలుపు ఏ ఆటలోనైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆటకో రుచి వచ్చేది ఓటమి దగ్గరే. కింద పోల్చినవన్నీ ఈ ప్రశ్నను దృష్టిలో పెట్టుకుని పోల్చినవే.

డి20: ఒక్కో ముఖం ఐదు శాతం

1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన వంశం ఇది. ఒక పాచిక వేసి, పాత్ర నేర్పును బట్టి వచ్చే అంకె (మాడిఫైయర్) కలిపి, టార్గెట్‌ను అందుకుందో లేదో చూడటమే. నేర్పడానికి రెండు నిమిషాలు చాలు. లెక్కా సులువే, ప్రతి +1కీ సరిగ్గా ఐదు శాతం పెరుగుతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఇరవై ముఖాల్లో ఏదైనా అంతే సులభంగా పడుతుంది కాబట్టి పాత్ర నేర్పు కంటే పాచిక గొంతు పెద్దది. తాళాలు తీయడంలో ఆరితేరిన పాత్రకు +7, ఏమీ రాని పాత్రకు +0, టార్గెట్ 15 అనుకోండి. ఆరితేరినవాడికి 8 పడితే చాలు, అంటే 65 శాతం. రానివాడికి 30 శాతం. ఇద్దరూ చెయ్యివేస్తే, నిపుణుడు చేతులెత్తేసి కొత్తవాడు తాళం తీసే అవకాశం 0.35 × 0.30, అంటే 10.5 శాతం. ఇంచుమించు పది తాళాలకు ఒకసారి ఈ తమాషా జరుగుతుంది. సరదా సాహసకథకు ఇది వరం. తమ పనిలో పండిపోయిన మనుషుల గురించి గంభీరంగా రాయాలనుకుంటే మాత్రం ఇదే కథను చెడగొడుతుంది.

అలాంటి కథకు 3డి6, అంటే మూడు ఆరు ముఖాల పాచికలు, నయం. 1986లో వచ్చిన గర్ప్స్ అనే ఆటలో మూడు పాచికల మొత్తం మీ స్కిల్ అంకెకు సమానంగానో తక్కువగానో రావాలి. స్కిల్ 14 ఉన్నవాడు 90.7 శాతం సార్లు నెగ్గుతాడు, 8 ఉన్నవాడు 25.9 శాతం సార్లు. మొత్తాలు మధ్యలో గుమిగూడతాయి కాబట్టి నిపుణుడు నిపుణుడిలాగే కనిపిస్తాడు. దీనికి చెల్లించే ధర, ఆశ్చర్యాలు తగ్గిపోవడం.

డి20 రాణించేది చిన్న చిన్న రోల్స్ చాలా పడే చోట, ముఖ్యంగా పోరాటంలో. అక్కడ అదృష్టం, దురదృష్టం ఒకదాన్నొకటి సర్దేసుకుంటాయి. కాకపోతే రాక్షసుడికి హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె, ఇచ్చేముందు కాగితం మీద ఓ లెక్క వేసుకోండి. నలుగురు ప్లేయర్లు, వేటు తగిలే అవకాశం 60 శాతం, తగిలితే సగటు నష్టం 7. రౌండుకు 4 × 0.6 × 7 = 16.8. అరవై హిట్ పాయింట్ల రాక్షసుడు నాలుగో రౌండులో పడిపోతాడు. ఆట నడిపే జీఎంతో కలిపి రౌండుకు ఐదు వంతులు, వంతుకు నిమిషంన్నర అనుకుంటే అరగంట. "బాస్ కదా, గట్టిగా ఉండాలి" అని 120 ఇచ్చారనుకోండి, ఎనిమిదో రౌండు దాకా, అంటే గంట సేపు సాగుతుంది. రాక్షసుడి కొట్టుడు పెరగకపోతే పోరాటంలో పెరిగేది ఉత్కంఠ కాదు, ఆవలింతలు. బాస్ గట్టివాడని చూపించాలంటే హిట్ పాయింట్ల జోలికి పోకుండా, సగం దెబ్బతిన్నాక వాడు చేసే కొత్త పని ఒకటి రాయండి.

2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ తెచ్చిన అడ్వాంటేజ్ నియమం, అంటే రెండు డి20లు వేసి పెద్దది తీసుకోవడం, అరువు తెచ్చుకోదగ్గది. 50 శాతం అవకాశం 75 అవుతుంది, 25 శాతం 43.75 అవుతుంది. చీకటికి ఓ −2, ఎత్తుకు ఓ +1, గాలికి ఇంకోటి అంటూ కూడికలు వేసే బాధ తప్పుతుంది.

రెండు డి6: పని అవుతుంది, కానీ...

విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్‌ల అపోకలిప్స్ వరల్డ్ (2010) తర్వాత ఈ పద్ధతి మీద కట్టిన ఆటలకు లెక్కే లేదు. రెండు డి6ల మొత్తానికి పాత్ర గుణం అంకె కలుపుతారు. 10 గానీ అంతకుమించి గానీ వస్తే పూర్తి విజయం. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది, దానితోపాటు ఏదో ఒకటి మీదపడుతుంది. 6 లోపు వస్తే జీఎం తనకు తోచిన దెబ్బ కొడతాడు.

+0తో 41.7 శాతం సార్లు ఓటమి, 41.7 శాతం సార్లు మధ్యస్థం, 16.7 శాతం సార్లు పూర్తి విజయం. +1తో వరుసగా 27.8, 44.4, 27.8. +2తో 16.7, 41.7, 41.7. మధ్య అంకె చూడండి: +2 దాకా అది 42, 44 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. ఈ పద్ధతి ప్రాణమంతా అక్కడుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న స్థితి మాటిమాటికీ రావాల్సిన కథలు, అంటే బంధాలు, మోసాలు, పగలు, ప్రేమల కథలు దీనిమీద బాగా నడుస్తాయి.

దీన్ని ఎంచుకున్నవాళ్లు రెండుచోట్ల బోల్తా పడతారు. మొదటిది మాడిఫైయర్లు పేరుకుపోవడం. +3 దగ్గర ఓటమి 8.3 శాతానికి పడిపోతుంది. +4 వస్తే 2.8 శాతమే, పూర్తి విజయం 72.2 శాతం. ఇక ఆట చప్పబడిపోయినట్టే. అందుకే గుణం అంకెకు +3 దగ్గర గట్టు కట్టండి. ఆయుధానికో +1, మిత్రుడి సాయానికో +1 అని ఉదారంగా పంచితే ఆ గట్టు తెగిపోతుంది. సాయం చేసినప్పుడు అంకె పెంచడం బదులు, మీదపడే మూల్యాన్ని సాయం చేసినవాడు పంచుకోవాలని రాయండి.

రెండోది జీఎం మీద పడే బరువు. సెషన్‌కు ఇరవై రోల్స్ పడితే వాటిలో ఎనిమిదో తొమ్మిదో మధ్యస్థంగా వస్తాయి. ప్రతిసారీ అప్పటికప్పుడు ఓ కొత్త చిక్కు పుట్టించాలి. మూడో గంటకు అందరు జీఎంలూ ఒకటే అంటారు: "సరే, గాయమైంది." నియమాలు రాసేవాళ్లు ముందే చేయాల్సిన పని ఇది. ఒక్కో మూవ్ (పాత్ర చేసే ఒక పనికి రాసిన నియమం) కిందా ఆ మూవ్‌కే తగిన మూల్యాలు మూడో నాలుగో రాసిపెట్టి, ఎంచుకోవడం ప్లేయర్‌కు వదలండి. ఎవరికీ కనపడకుండా గోడ దూకే మూవ్ అనుకోండి. "అవతల పడ్డావు, కానీ ఒకటి ఎంచుకో: ఏదో వస్తువు ఇవతలే పడిపోయింది; ఒకరు చూశారు గానీ ఇంకా అరవలేదు; తిరిగి ఇదే దారిన రాలేవు." ఇలా రాస్తే జీఎం తల పట్టుకోనక్కర్లేదు. "ఏదో ఒక చిక్కు వస్తుంది" అని వదిలేస్తే అది సగం రాసిన మూవ్.

గుప్పెడు పాచికలు

డైస్ పూల్, అంటే ఒకేసారి చాలా పాచికలు వేసే పద్ధతి, అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు గానీ, వీటిలో ఒకదానికొకటి పోలికే లేని రెండు రకాలున్నాయి.

ఒకటి, అన్నిట్లోకీ పెద్ద పాచికను చూసేది. జాన్ హార్పర్ రాసిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ (2017) ఇందుకు మంచి నమూనా. డి6లు కొన్ని వేసి, పెద్దది 6 అయితే విజయం, 4 లేదా 5 అయితే మూల్యంతో విజయం, 3 లోపైతే ఓటమి. ఒక పాచికతో ఓటమి 50 శాతం, రెండిటితో 25, మూడిటితో 12.5, నాలుగిటితో 6.25. పాచిక పెరిగినప్పుడల్లా ఓటమి సగమవుతుంది, కాబట్టి ఎవరికీ పట్టిక అక్కర్లేదు. నాలుగు పాచికలున్నా నికరమైన 6 పడేది 51.8 శాతం సార్లే. ఎంత పండినవాడికైనా ఏదో ఒక ఖర్చు తప్పదన్నమాట. దొంగతనాల కథకు ఇంతకంటే ఏం కావాలి! అసలు పాచికే లేనప్పుడు రెండు వేసి చిన్నది తీసుకుంటారు: 75 శాతం ఓటమి, కానీ ఆశ పూర్తిగా చావదు.

రెండోది, విజయాలను లెక్కపెట్టేది. ఒక్కో పాచికనూ చూసి, ఫలానా అంకెను అందుకున్నవెన్నో లెక్కిస్తారు. 6 పడిన పాచికలను మాత్రమే లెక్కించే పద్ధతిలో కనీసం ఒక విజయం వచ్చే అవకాశం మూడు పాచికలకు 42.1 శాతం, ఐదుకు 59.8, పదికి 83.8. పది దాటితే చేతిలో పట్టవు, లెక్కకే సమయం పోతుంది.

ఈ రకంలో ఒక పాత పొరపాటు తెలుసుకుని తీరాలి. 1991లో వచ్చిన వాంపైర్: ద మాస్కరేడ్ తొలి నియమాల్లో డి10లు వేసేవాళ్లు. 1 పడిన ప్రతి పాచికా ఒక విజయాన్ని రద్దు చేస్తుంది. అన్నీ రద్దయ్యాక ఇంకా 1లు మిగిలితే ఘోర వైఫల్యం. టార్గెట్ 10 అయినప్పుడు చూడండి: ఒక పాచికతో ఘోర వైఫల్యం 10 శాతం, రెండిటితో 17 శాతం, మూడిటితో 22 శాతం. విజయావకాశం కూడా అంతే పెరుగుతుంది, నిజమే. కానీ నేర్పు పెరిగే కొద్దీ ఘోరంగా బెడిసికొట్టడమూ పెరగడం ఏ ప్లేయర్‌కైనా అన్యాయంగానే తోస్తుంది. పాచికల సంఖ్య, టార్గెట్, రద్దు నియమం మూడూ ఒకేసారి కదిలే ఏ పద్ధతిలోనైనా ఇలాంటి గుంట ఎక్కడో దాక్కుని ఉంటుంది. మూడింట్లో ఒక్కదాన్నే కదలనివ్వండి.

భయం గొలిపే కథలకు ఇదే కుటుంబంలో ఒక చక్కటి మలుపు ఉంది. 2019 నాటి ఏలియన్ ఆటలో పాత్రకు ఒత్తిడి పెరిగే కొద్దీ వేరే రంగు పాచికలు తోడవుతాయి. వాటిమీద 6 పడినా విజయమే, కాబట్టి ఒత్తిడి నిజంగానే సాయం చేస్తుంది. వాటిలో ఏ ఒక్కదాని మీద 1 పడినా పాత్ర బెంబేలెత్తుతుందేమో తేల్చే ఇంకో రోల్ వేయాలి. నాలుగు ఒత్తిడి పాచికలుంటే కనీసం ఒక 1 పడే అవకాశం 51.8 శాతం. ప్లేయర్ చేతిలో గుప్పెడు నిండుతుంటే గుండె దడ కూడా పెరుగుతుంది. వర్ణన అక్కర్లేకుండానే పాచికలే భయపెడతాయి.

శాతాలు, ఫేట్ పాచికలు

1 నుంచి 100 దాకా అంకె ఇచ్చే డి100 గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దాని మంచితనం. రూన్‌క్వెస్ట్ (1978), కాల్ ఆఫ్ కతుల్హూ (1981) ఈ దారివే. పాత్ర షీటు మీద స్కిల్ 45 అని ఉంటే 45 శాతం, అంతే. మొదటిసారి ఆడేవాళ్లకు ఇంతకంటే సూటిగా అర్థమయ్యేది లేదు. కష్టమైన పనికి సగం, మరీ కష్టమైనదానికి ఐదో వంతు అంటే సరిపోతుంది. నేర్పు పెరిగే పద్ధతి ఇంకా అందంగా ఉంటుంది: వాడిన స్కిల్ మీద సెషన్ చివర మళ్లీ వేసి, ఉన్న అంకె కంటే ఎక్కువ పడితేనే పెరుగుతుంది. 30 ఉన్నవాడు త్వరగా నేర్చుకుంటాడు, 85 ఉన్నవాడికి ముందుకు జరగడమే గగనం. బోల్తా పడేది అంకెలు పంచే దగ్గర. 40, 45 ఇచ్చి, ప్రతి చిన్న పనికీ రోల్ అడిగితే పాత్రలన్నీ చేతకానివాళ్లలా కనిపిస్తాయి. వృత్తి స్కిల్స్‌కు 60, 70 ఇవ్వండి, ఒత్తిడి ఉన్నప్పుడే పాచిక అడగండి.

ఫేట్ అనే ఆటలో నాలుగు ప్రత్యేక పాచికలు వాడతారు. ఒక్కోదానిలో రెండు ముఖాలు ప్లస్, రెండు మైనస్, రెండు ఖాళీ. మామూలు డి6తోనూ నడిపించొచ్చు: 1, 2 మైనస్, 3, 4 ఖాళీ, 5, 6 ప్లస్. సున్నా 23.5 శాతం సార్లు వస్తుంది, +4 వచ్చేది 81లో ఒక్కసారే. స్కిల్ +3 ఉండి, అవతల కష్టం +4 అయితే, దాన్ని అందుకునే అవకాశం 38.3 శాతం. ఒక ఫేట్ పాయింట్ ఖర్చుపెట్టి తగిన ఆస్పెక్ట్‌ను (పాత్ర గురించో పరిస్థితి గురించో రాసుకున్న చిన్న మాటను) వాడుకుంటే +2 కలిసి 81.5 శాతానికి ఎగబాకుతుంది. అంటే అసలు ఆట పాచికల్లో లేదు, పాయింట్లు ఎప్పుడు ఖర్చు పెట్టాలన్నదాంట్లో ఉంది. వీరుల కథలకు ఇది దివ్యంగా పనిచేస్తుంది. భయానక కథకు వద్దు. ప్రాణభయాన్ని పాయింట్లిచ్చి కొనేసుకోగలిగితే ఇక భయమెక్కడిది?

పాచిక వేయకూడని చోటు

డిటెక్టివ్ కథలు పాడయ్యేది పాచిక రకం వల్ల కాదు, ఎక్కడ వేయమన్నామన్నదాని వల్ల. హంతకుణ్ణి పట్టుకోవడానికి మూడు ఆధారాలు వరుసగా దొరకాలి, ఒక్కోదానికి అవకాశం 60 శాతం అనుకోండి. మూడూ దొరికేది 21.6 శాతం సార్లే. అంటే ఐదు టేబుళ్లలో నాలుగు మధ్యలోనే చతికిలబడతాయి. అదే కథను, మూడింట్లో ఏ ఒక్కటి దొరికినా ముందుకు సాగేలా మారిస్తే 93.6 శాతం. రాబిన్ లాస్ గమ్‌షూ పద్ధతిలో ఇంకో అడుగు ముందుకేశాడు. సరైన స్కిల్ ఉన్న పాత్ర సరైన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది, పాచికే లేదు. ఆధారం దొరికాక దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నదే ఆట.

గుంపు రోల్స్‌లోనూ ఇదే ఉచ్చు ఉంది. నలుగురూ చప్పుడు కాకుండా దాటాలి, ఒక్కొక్కరికి 70 శాతం అవకాశం ఉంది అంటే, నలుగురూ నెగ్గేది 24 శాతమే. నలుగురిలో ఎవరో ఒకరు గమనిస్తే చాలు, ఒక్కొక్కరికి 40 శాతం అంటే, 87 శాతం. మొదటిదాన్ని అడగడం ప్లేయర్లను పట్టించడమే, రెండోదాన్ని అడగడం దండగ. రెండింటికీ ఒకే మందు: గుంపు తరఫున ఒక్కరే వేయాలి, ఓటమి మాత్రం అందరి మీదా పడాలి.

స్ఫూర్తి నియమమైతేనే

ఏదో కథ చదివి, దాన్ని ఆటగా మార్చాలనిపిస్తుంది. సాధారణంగా ఆ కథలోంచి పేర్లు, దుస్తులు, రాక్షసులు ఎత్తుకొస్తారు. ఎత్తుకురావాల్సింది అక్కడి కట్టుబాటును. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాంత్రికుడు మంత్రాన్ని పొద్దున్నే కంఠస్థం చేసి, ఒకసారి పలకగానే మరిచిపోవడం జాక్ వాన్స్ కథల నుంచి వచ్చిందే. దాంతో మంత్రం తూటాలా లెక్కపెట్టుకుని వాడే వస్తువైంది, "ఇప్పుడే వాడేయనా, దాచుకోనా" అనే మీమాంస ప్రతి సెషన్‌లోనూ పుట్టింది. లోకవర్ణన ఎన్ని పేజీలున్నా ఆ పని చేయలేదు.

దీనికో కసరత్తు ఉంది. మీ ఆటలో జరగాలని మీరు కోరుకునే పది సన్నివేశాలు, ఒక్కోటి రెండు వాక్యాల్లో రాయండి. ప్రతిదాంట్లో ఏమవుతుందో తెలియని క్షణం కింద గీత గీసి, పక్కన అక్కడ ఏం పోగొట్టుకోవచ్చో ఒక్క మాటలో రాయండి: ప్రాణం, పరువు, సమయం, నమ్మకం, సరుకు. ఆరేడు చోట్ల ఒకటే మాట వచ్చిందంటే మీ ప్రధాన నియమం దాన్నే కొలవాలి. "నమ్మకం" అని ఏడుసార్లు వచ్చిన ఆటలో హిట్ పాయింట్లకు నాలుగు పేజీలు, నమ్మకానికి ఒక పేరా ఉంటే, ప్లేయర్లు ఆ నాలుగు పేజీల ఆటే ఆడతారు.

"సరుకు" అని ఎక్కువసార్లు వచ్చిందనుకోండి, అంటే ప్రయాణం, కరువు, దారితప్పిన నౌక. ఒక్కో రొట్టెనూ ఒక్కో బాణాన్నీ లెక్కపెట్టించకండి, రెండో సెషన్‌కల్లా అందరూ ఆ లెక్క మానేస్తారు. డేవిడ్ బ్లాక్ రాసిన బ్లాక్ హ్యాక్‌లోని యూసేజ్ డై చాలా నయం. సరుకుకు ఒక పాచిక ఇస్తారు. వాడినప్పుడల్లా దాన్ని వేస్తారు. 1 గానీ 2 గానీ పడితే డి8 కాస్తా డి6 అవుతుంది, డి6 డి4 అవుతుంది, డి4 మీద పడితే సరుకు ఖాళీ. ఒక్కో మెట్టు సగటున ఎన్నిసార్లు నిలుస్తుందంటే, ముఖాల సంఖ్యలో సగం. కాబట్టి డి6 సగటున 3 + 2 = 5 సార్లు, డి8 తొమ్మిది సార్లు, డి12 ఇరవై సార్లు వస్తుంది. సెషన్‌కు ఎన్నిసార్లు వేయిస్తారో అంచనా వేసుకుంటే, రెండో సెషన్ చివర నీళ్లు అయిపోవాలంటే ఏ పాచిక ఇవ్వాలో తేలిపోతుంది.

తేల్చుకోవడం ఎలా

ఏళ్ల తరబడి సాగే, పోరాటాలు ఎక్కువున్న క్యాంపెయిన్ అయితే డి20. ఎదగడానికి అంకెల్లో చోటు బోలెడుంది. నాలుగైదు సెషన్లలో ముగిసే బంధాల కథకు రెండు డి6. దొంగతనం, కుట్ర అయితే పెద్ద పాచికను చూసే పూల్. ఒక్క రాత్రిలో అయిపోయే భయానక కథకు ఒత్తిడి పాచికలు గానీ డి100 గానీ. ఆర్పీజీ అంటే ఏమిటో ఎరగనివాళ్ల కోసం రాస్తుంటే డి100 తర్వాతే ఏదైనా.

రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే వాదించుకోకండి, ఆడి చూడండి. ఇరవై నిమిషాల సన్నివేశం ఒకటి తీసుకుని, అవే పాత్రలతో రెండు పద్ధతుల్లోనూ నడపండి. ఆటలో పాల్గొననివాళ్లు ఒకరు పక్కన కూర్చుని రోల్‌కో గీత గీస్తూ రెండు విషయాలు రాయాలి: "వేయండి" అన్నప్పటి నుంచి ఫలితం కథలోకి వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టింది, ఆ రోల్ వల్ల పరిస్థితి ఏమైనా మారిందా. మూడో వంతుకు మించిన రోల్స్ దేన్నీ మార్చలేదంటే తప్పు పాచికది కాదు, మీరు అనవసరంగా వేయిస్తున్నారు. రెండు పద్ధతుల్లోనూ అలాగే వస్తే ముందు ఆ రోల్స్ తీసేసి, అప్పుడు మళ్లీ పోల్చండి.

అచ్చు వేసే ఆలోచన ఉంటే లైసెన్స్ ఇప్పుడే చూసుకోండి, నూట యాభై పేజీలు రాశాక కాదు. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం ఎస్సార్డీ 5.1, 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 కింద ఉంది. ఫేట్ కోర్, బ్లేడ్స్‌ల ఎస్సార్డీలు కూడా క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ కిందే దొరుకుతాయి. ఆ ఎస్సార్డీల్లోని వాక్యాలు వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ ఎవరివో చెప్పే వాక్యం పుస్తకంలో ఉండాలి, మార్పులు చేస్తే చేశామని చెప్పాలి. ఈ అనుమతి ఎస్సార్డీలో ఉన్నదానికే. అదే ఆట పూర్తి పుస్తకంలోని లోకం, పాత్రల పేర్లు, బొమ్మలు, ట్రేడ్‌మార్కులు దాని కిందికి రావు.